ఖాతాలో 5 లక్షల 40 వేలు, పైపుకి మాత్రం డబ్బు లేదు: ఒక పంచాయతీ గ్రాంటు కేసు

ఈ కేసు 2023 వేసవిది. కృష్ణా డెల్టాలో కాలువ చివరి భూముల వైపు ఉన్న ఒక మండలంలో నేను ఈవోపీఆర్డీగా, అంటే మండలంలోని పంచాయతీల పని చూసే అధికారిగా, చేరి అప్పటికి మూడు నెలలు. ఊరి పేరు, మండలం పేరు రాయడం లేదు. అందులో ఉన్నవాళ్లు ఇంకా సర్వీసులో ఉన్నారు. అంకెల్ని గుండ్రం చేశాను కానీ లెక్క చెడనివ్వలేదు.

రెండు వేల పైచిలుకు జనాభా ఉన్న ఊరు. బోరు వేస్తే ఉప్పు నీళ్లు. కాలువ వదిలినప్పుడు మంచినీళ్ల చెరువు నింపుకోవాలి. ఆ నీళ్లు ఫిల్టర్ బెడ్ల మీదుగా ఓవర్‌హెడ్ ట్యాంకుకి ఎక్కాలి. కాలువ కట్టేసిన రోజుల్లో అవే గతి. ట్యాంకు నుంచి ఎస్సీ కాలనీకి వెళ్లే పైపు పాతది, ఒకచోట మురుగు కాలువ అడుగు నుంచే పోతుంది. ట్యాంకు వాల్వు కట్టేయగానే పైపులో ఒత్తిడి పడిపోతుంది, పగులు ఉన్నచోట మురుగు లోపలికి లాక్కుంటుంది. పొద్దున కుళాయి వదలగానే మొదటి రెండు బిందెలు పారబోయడం అక్కడి ఆడవాళ్లకు అలవాటైపోయింది.

సర్పంచ్ మహిళ, 2021 ఫిబ్రవరి ఎన్నికల్లో మొదటిసారి గెలిచారు. ఒకరోజు ఫోన్ చేసి ఒక్కటే అడిగారు. "సార్, ఖాతాలో 5 లక్షల 40 వేలు ఉన్నాయంట. పైపు ఎస్టిమేట్ 3 లక్షల 10 వేలంట. సెక్రటరీ గారేమో డబ్బుల్లేవంటున్నారు. మాలో ఎవరు అబద్ధం చెప్తున్నట్టు?"

ఎవరూ చెప్పలేదు. ఇద్దరూ ఒకే ఖాతా గురించి మాట్లాడుతున్నారు. ఆమె మొత్తం చూస్తున్నారు, ఆయన పద్దు చూస్తున్నారు.

గ్రాంటు అంటే తిరిగి కట్టక్కర్లేని డబ్బని అందరికీ తెలుసు. తిరిగి కట్టక్కర్లేదు కాబట్టి మన ఇష్టం అనుకోవడం దగ్గరే తేడా వస్తుంది. ఇంటి పన్ను, కుళాయి ఫీజు, సంత వేలం మీద వచ్చేది పంచాయతీ సొంత డబ్బు, దాన్ని సాధారణ నిధి అంటాం. అది ట్రెజరీ దారిలో నడుస్తుంది. ఆర్థిక సంఘం సిఫారసు మీద కేంద్రం ఇచ్చే గ్రాంటు వేరే బ్యాంకు ఖాతాలో, పీఎఫ్‌ఎంఎస్ అనే కేంద్రం ఆన్‌లైన్ చెల్లింపుల దారిలో నడుస్తుంది. సర్పంచ్ గారు అడిగిన 5 లక్షల 40 వేలు ఈ ఖాతావే. మొదటిదాన్ని ఎలా ఖర్చు పెట్టాలో పంచాయతీ చట్టం చెబుతుంది. రెండోదాని మీద ఇచ్చినవాడి షరతు కూడా ఉంటుంది.

15వ ఆర్థిక సంఘం 2021-26కి దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు రూ.2,36,805 కోట్లు సిఫారసు చేసింది. ఇందులో 40 శాతం అన్‌టైడ్, అంటే స్థానిక అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు, జీతాలకూ ఆఫీసు నిర్వహణకూ తప్ప. మిగతా 60 శాతం టైడ్. అందులో సగం పారిశుద్ధ్యానికి, బహిరంగ మలవిసర్జన రహిత స్థితిని నిలబెట్టుకోవడానికి. ఇంకో సగం తాగునీటికి, వాన నీటి సంరక్షణకు, నీటి పునర్వినియోగానికి. మన భాషలో టైడ్ అంటే ముడేసి ఇచ్చిన డబ్బు. పెళ్లికి పంపిన చదివింపుల్లో చీరకని రాసి ఇచ్చిన డబ్బుతో బియ్యం కొనలేం కదా, అలాగన్నమాట.

దీనికి ముందు, 14వ ఆర్థిక సంఘం రోజుల్లో (2015-20) డబ్బు అచ్చంగా గ్రామ పంచాయతీలకే వచ్చేది, ఇన్ని ముడులు ఉండేవి కావు. మా కార్యదర్శుల్లో సగంమంది ఆ అలవాటులోనే ఉన్నారు. బిల్లు వస్తే ఖాతాలో ఉందా లేదా చూస్తారు, ఏ పద్దులో ఉందో తర్వాత చూసుకుంటారు. ఈ కేసంతా ఆ "తర్వాత"లోనే ఉంది.

మర్నాడు ఆ ఊరి సచివాలయానికి వెళ్లి క్యాష్ బుక్, వోచర్లు ముందు పెట్టుకుని ఒక తెల్లకాగితం మీద నాలుగు గళ్లు గీశాను. రెండేళ్లలో వచ్చింది 16 లక్షలు. అందులో అన్‌టైడ్ 6 లక్షల 40 వేలు, తాగునీరు 4 లక్షల 80 వేలు, పారిశుద్ధ్యం 4 లక్షల 80 వేలు. ఖర్చు చూస్తే అన్‌టైడ్‌లో 6 లక్షల 10 వేలు అయిపోయింది. తాగునీటిలో 3 లక్షల 90 వేలు. పారిశుద్ధ్యంలో మాత్రం 60 వేలే. అంటే ఖాతాలో కనిపిస్తున్న 5 లక్షల 40 వేలల్లో 4 లక్షల 20 వేలు పారిశుద్ధ్యానివి. పైపుకి వాడదగ్గది తాగునీటి 90 వేలు, అన్‌టైడ్ 30 వేలు, వెరసి 1 లక్షా 20 వేలు. సెక్రటరీ గారి మాట నిజమే.

కానీ ఈ ఊళ్లో మురుగు పూడిక తీయలేదా? ఏటా తీస్తున్నారు. మరి పారిశుద్ధ్యం పద్దులో 60 వేలేనా? అన్‌టైడ్ వోచర్లు ఒక్కొక్కటీ తిరగేస్తే సంగతి బయటపడింది. పూడికతీత కూలీ, సిల్టు తోలిన ట్రాక్టరు బాడుగ, బ్లీచింగ్ కొనుగోలు అన్నీ అన్‌టైడ్‌లోనే కట్టారు. మొత్తం 2 లక్షల 25 వేలు.

ఇది తప్పా? ఆడిట్ లెక్కలో తప్పు కాదు. అన్‌టైడ్ డబ్బుతో పూడిక తీయొద్దని ఎక్కడా లేదు. అందుకే రెండేళ్లూ ఒక్క ఆడిట్ పారా, అంటే అభ్యంతరం, కూడా రాలేదు. కానీ ఆ 2 లక్షల 25 వేలు పారిశుద్ధ్యం పద్దులో పెట్టి ఉంటే, అన్‌టైడ్‌లో 2 లక్షల 55 వేలు మిగిలేవి. తాగునీటి 90 వేలు కలిపితే 3 లక్షల 45 వేలు. పైపు వేసి ఇంకో 35 వేలు చేతిలో ఉండేవి. ఎవరూ తినలేదు, ఎవరూ దాచలేదు. ఏ పనికైనా పనికొచ్చే డబ్బుని ముందు ఖర్చు పెట్టి, ఒక్క పనికే పనికొచ్చే డబ్బుని దాచిపెట్టారు.

ఇందులో నా వాటా కూడా ఉంది. నెలవారీ సమీక్షలో నేను కార్యదర్శుల్ని అడిగేది ఒక్కటే, ఖర్చు శాతం ఎంత అని. పద్దులవారీగా అడగలేదు. పైనుంచి నన్నూ శాతమే అడిగేవారు, నేనూ అదే కిందికి తోసేశాను.

జరిగిన చెల్లింపుల్ని వెనక్కి తిప్పి పద్దు మార్చేద్దామా అని సచివాలయంలో కంప్యూటర్ పని చూసే డిజిటల్ అసిస్టెంట్ కుర్రాడు అడిగాడు. వద్దన్నాను. చట్టబద్ధంగా జరిగిన చెల్లింపుని మనకు అనుకూలంగా ఉంటుందని తిరగరాస్తే, అప్పుడు నిజంగానే పారా వస్తుంది.

రెండో సలహా మండలం నుంచే వచ్చింది, పెద్ద అనుభవం ఉన్న మనిషి నుంచి. మార్గదర్శకాల్లో ఒక వెసులుబాటు ఉంది. టైడ్‌లోని రెండు అవసరాల్లో ఒకటి ఊళ్లో పూర్తిగా తీరిపోయి ఉంటే, ఆ పద్దు డబ్బు రెండోదానికి వాడుకోవచ్చు. అయితే అది తీరిపోయిందని గ్రామసభ ధ్రువీకరించాలి, పర్యవేక్షించే అధికారి నిర్ధారించాలి. "ఒక తీర్మానం రాయించెయ్, నువ్వు సంతకం పెట్టు, అయిపోయింది. పని మంచిదే కదా." తీర్మానం చిత్తుప్రతి కూడా తయారుగా ఉంది. "గ్రామమునందు పారిశుద్ధ్య అవసరములు సంపూర్ణముగా తీరినవని సభ ఏకగ్రీవముగా..." అని.

ఆ కాగితం జేబులో పెట్టుకుని కాలనీకి నడిచాను. ప్రాథమిక పాఠశాల ముందు మురుగు రోడ్డు మీదికి పారుతోంది. పిల్లలు దాటడానికి ఎవరో రెండు ఇటుకలు, ఒక విరిగిన కరెంటు స్తంభం ముక్క వేశారు. పైపు పగిలింది కూడా సరిగ్గా ఆ కాలువ కిందే. పారిశుద్ధ్యం సంపూర్ణమైన ఊళ్లో మంచినీళ్లలోకి మురుగు వస్తోందని అదే ఫైల్లో రెండో కాగితం రాయాలి! తీర్మానం చిత్తుప్రతి తిరిగిచ్చేశాను. ఆ పెద్దాయన ఓ వారం నాతో ముభావంగా ఉన్నారు.

అయితే ఆ నడక వల్లే దారి దొరికింది. సమస్య పైపుది ఎంతో మురుగు కాలువదీ అంతే. కాలువకి సిమెంటు అడుగు, గోడలు వచ్చి, పైపు దాని పైనుంచి దాటితే సగం ప్రమాదం పోతుంది. కాలువ పని పారిశుద్ధ్యం కిందికే వస్తుంది, ఆ డబ్బు 4 లక్షల 20 వేలు సిద్ధంగా ఉంది. ఇంజనీరింగ్ అసిస్టెంట్ కొలతలు తీసి 3 లక్షల 60 వేలకు ఎస్టిమేట్ వేశారు. పైపు ఎస్టిమేట్‌ని రెండు దశలుగా పెట్టాం. కాలువ దాటే భాగం, కాలనీ మొదటి వీధి ఇప్పుడు, 1 లక్షా 15 వేలతో. మిగిలిన 1 లక్షా 95 వేల పని వచ్చే విడతలో.

ఇక్కడ ఒక జాగ్రత్త. పెద్ద అధికారి ఆమోదం తప్పించుకోవడానికి పనిని ముక్కలు చేయడం మన దగ్గర పాత రోగం, ఆడిటర్లు మొదట వెతికేది అదే. అందుకని ఎస్టిమేట్ ఒకటే ఉంచి, మొత్తానికీ సాంకేతిక ఆమోదం, పరిపాలనా ఆమోదం ఒకేసారి తీసుకున్నాం. దశలు ఎందుకో, ఏ పద్దు నుంచి ఎంతో తీర్మానంలోనే రాయించాం: తాగునీరు 90 వేలు, అన్‌టైడ్ 25 వేలు. సాంకేతిక ఆమోదం అంటే ఇలా కడితే నిలబడుతుంది, ఈ రేట్లు సరైనవే అని ఇంజనీరు మాట. పరిపాలనా ఆమోదం అంటే ఈ పని ఈ డబ్బుతో చేయొచ్చని పాలకవర్గం, పై అధికారి మాట. ఒకటి ఉంది కదా అని రెండోది లేకుండా పని మొదలుపెట్టి బిల్లు దగ్గర ఇరుక్కున్నవాళ్లను చాలామందిని చూశాను.

కాలువ పని ఆ ఏడాది గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో లేదు. జీపీడీపీ అని మనం పొట్టిగా పిలిచే ఆ ప్రణాళికలో లేని పనికి పంచాయతీ లెక్కల పోర్టల్ ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో ఖర్చు చూపించడం కుదరదు. సప్లిమెంటరీ ప్లాన్ పెట్టి పనిని చేర్పించాం. ఇందుకు గ్రామసభ పెడితే వచ్చింది నలభై మంది, అందులో ముప్పై మంది ఆ కాలనీ ఆడవాళ్లే.

ఆ సభలో సర్పంచ్ గారు ఇంకో ప్రశ్న అడిగారు. "కేంద్రం డబ్బులు విడుదల చేసిందని టీవీలో చెప్పి పది రోజులైంది. మనకెందుకు రాలేదు?" టీవీలో చెప్పే విడుదల వేరు, మన ఖాతాలో జమ వేరు. అన్‌టైడ్‌కి కేంద్ర పంచాయతీరాజ్ శాఖ, టైడ్‌కి తాగునీరు-పారిశుద్ధ్య విభాగం సిఫారసు చేస్తాయి. ఆర్థిక శాఖలోని వ్యయ విభాగం రాష్ట్రానికి విడుదల చేస్తుంది. రాష్ట్రం 10 పనిదినాల్లో స్థానిక సంస్థలకు పంపాలి, ఆలస్యమైతే వడ్డీతో సహా. ఆ తర్వాతే జమ. పేపర్లో వచ్చిన వార్త చూసి మేస్త్రీకి మాటిచ్చేవాళ్లు ఈ మెట్లు లెక్కపెట్టుకోరు. పైగా ఈ డబ్బు ఎన్నికైన పాలకవర్గం ఉన్న చోటికే వస్తుంది. 2018 ఆగస్టులో సర్పంచ్‌ల గడువు ముగిసి 2021 దాకా ఎన్నికలు జరగనప్పుడు మన దగ్గర ఆ ఇబ్బంది చూశాం. ఆ తర్వాత తెలంగాణలోనూ 2024 జనవరి ఆఖరుతో పదవీకాలం ముగిశాక అదే గొడవ.

పని మే నెలలో మొదలైంది. ఎం-బుక్, అంటే జరిగిన పని కొలతల పుస్తకం, రాసిన రోజు నేనూ వెళ్లాను. ఎస్టిమేట్‌లో ట్రెంచి లోతు 90 సెంటీమీటర్లు, టేపు పెడితే 75. మేస్త్రీ "కింద గట్టి నేల తగిలింది సార్, 90 అని రాసేయండి, అందరూ రాస్తారు" అన్నాడు. ఇంజనీరింగ్ అసిస్టెంట్ అమ్మాయి చిన్నది, సర్వీసు నాలుగేళ్లు కూడా లేదు. ఏమీ మాట్లాడకుండా ఇంకు పెన్నుతో 0.75 అని రాసి, మేస్త్రీ చేత కూడా సంతకం పెట్టించింది. ఎం-బుక్‌లో చెరపడం ఉండదు. తప్పు రాస్తే అడ్డంగా కొట్టేసి పొట్టి సంతకం పెట్టాలి. బిల్లు దేనిమీద నడుస్తుందంటే ఈ పుస్తకం మీదే. ఎస్టిమేట్ ఎంత పడుతుందన్న అంచనా, ఎం-బుక్ ఎంత జరిగిందన్న సాక్ష్యం. తర్వాత పై ఇంజనీరు డీఈ వచ్చి చెక్ మెజర్‌మెంట్ చేశారు, అంటే కొలతలు మళ్లీ సరిచూశారు, అంకె మారలేదు.

ఇక అసలు కథ చెల్లింపు రోజున.

పీఎఫ్‌ఎంఎస్‌లో డబ్బు కదలాలంటే ఇద్దరి డిజిటల్ సంతకాలు కావాలి. ఒకరు మేకర్, బిల్లు తయారుచేసేవాళ్లు. ఒకరు చెకర్, అది సరిచూసి ఆమోదించేవాళ్లు. మా దగ్గర కార్యదర్శి మేకర్, సర్పంచ్ చెకర్. ఇద్దరూ పెడితే ఎఫ్‌టీవో, అంటే నిధుల బదిలీ ఆదేశం, బ్యాంకుకి వెళ్లి నేరుగా పని చేసినవాళ్ల ఖాతాలో పడుతుంది. చెక్కుల రోజుల్లో ఇద్దరు కలిసి సంతకం పెట్టేది కూడా ఇందుకే.

"డాంగిల్స్ ఏవి బాబూ?" అన్నాను. డిజిటల్ సంతకం ఉండే, పెన్‌డ్రైవ్ లాంటి చిన్న పరికరాలవి. డిజిటల్ అసిస్టెంట్ సొరుగు లాగి ఒక పాత జామెట్రీ బాక్సు తీశాడు. లోపల రెండు డాంగిల్స్, ఒకదానికి ఎర్ర దారం, ఒకదానికి పచ్చ దారం. మూత లోపల అంటించిన కాగితం మీద రెండు పిన్ నంబర్లు. ఎరుపు సర్పంచ్ గారిదట. రెండేళ్లుగా అవి ఆ పెట్టె దాటి బయటికి రాలేదు. అంటే మేకరూ చెకరూ ఇద్దరూ 24 ఏళ్ల ఆ కుర్రాడే. పాపం అతనికి దురుద్దేశం లేదు. సర్పంచ్ గారు పొలంలో ఉంటారు, సెక్రటరీ గారు మీటింగుల్లో ఉంటారు, బిల్లు మాత్రం సాయంత్రానికల్లా పోవాలి. అతని మీద అరవడం అన్యాయం. అలా జరుగుతోందని మా అందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు.

సర్పంచ్ గారిని పిలిపించాం. భర్త కూడా వచ్చారు, ఆయనే కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చోబోయారు. "అన్నా, మీరు కాస్త బయట టీ తాగి రండి" అన్నాను. ఆయన నవ్వి లేచారు. ఆమె కూర్చుని, మౌసు పట్టుకోవడం అలవాటు లేక కాస్త తడబడి, ముందు పిన్ మార్చుకున్నారు. తర్వాత వోచర్ తెరిచి వేలితో స్క్రీన్ మీద వరస వరసా చదివారు. మొత్తం సరే. పని పేరు సరే. ఖాతాదారు పేరు దగ్గర ఆగారు.

"ఇదెవరు?"

"పైపుల షాపాయన మేడమ్."

"షాపాయన బ్యాంకు ఆ ఊళ్లో కాదుగా. ఈయన మన ట్రాక్టరాయన."

ఒకే ఇంటిపేరు, ఒకే పేరు. పోర్టల్‌లో ఇద్దరూ వెండర్లుగా ఉన్నారు. కుర్రాడు జాబితాలో మొదట కనిపించినదాన్ని నొక్కేశాడు. పైపుల డబ్బు, పూడిక తోలే ట్రాక్టరు యజమాని ఖాతాకి పోబోయింది. పోయుంటే ఆయన తిరిగిచ్చేవాడే అనుకోండి, కానీ ఆడిట్‌లో ఆ ముక్కకి జవాబు రాయడానికి నాకో సంవత్సరం పట్టేది. వోచర్ వెనక్కి పంపి, ఖాతా సరిచేసి, మళ్లీ పెట్టారు. ఆమె వెళ్తూ ఎర్ర దారం డాంగిల్ తన పర్సులో వేసుకున్నారు.

ఇద్దరి పేర్ల పక్కన "షాపు", "ట్రాక్టరు" అని నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోమని చెప్పాను. ఇంత సాఫ్ట్‌వేర్ ఉండి మళ్లీ నోట్‌బుక్కా అంటే, అవును.

యూసీ సంగతి కూడా చెప్పాలి. వినియోగ ధ్రువపత్రం అనే ఈ కాగితం మీద చాలామందికి ఒక అపోహ ఉంది, నూరు శాతం ఖర్చయిందని రాయకపోతే వచ్చే విడత రాదని. ఆ పంచాయతీ పాత ఫైల్లో కూడా డబ్బు ఖాతాలో ఉండగానే పూర్తిగా ఖర్చయినట్టు రాసిన యూసీ ఒకటి దొరికింది. యూసీలో చెప్పాల్సినవి మూడు. ఎంత వచ్చింది, ఇచ్చిన పనికే ఎంత వాడాం, ఎంత మిగిలింది. మిగులు రాయడం నేరం కాదు, దాచడమే నేరం. పని జరిగి బిల్లు కట్టనిది కూడా ఖర్చు కాదు, చెల్లించాల్సినది. దాన్ని విడిగా చూపాలి. ఇక ఆర్థిక సంఘం డబ్బుకి పై స్థాయిలో రాష్ట్రం ఇచ్చేది నిధుల బదిలీ పత్రం, అంటే డబ్బు స్థానిక సంస్థలకు చేర్చామని. అది వేరు, పంచాయతీ లెక్క వేరు. రాష్ట్రం ఆ పత్రం ఇచ్చేసిందని పంచాయతీ లెక్క తేలిపోయినట్టు కాదు. ఆ లెక్క ఆడిట్‌ఆన్‌లైన్ అనే పోర్టల్‌లో స్టేట్ ఆడిట్ వాళ్ల ముందు తేలాలి. తేలకపోతే పారా, నష్టం రుజువైతే సర్‌ఛార్జి. అది సంతకం పెట్టినవాళ్ల నుంచే వసూలు చేస్తారు.

తప్పుగా రాసిన ఆ పాత యూసీని సరిచేస్తూ ఒక వివరణ పంపించాం. సెక్రటరీ గారు భయపడ్డారు, మెమో వస్తుందేమోనని రెండు రాత్రులు నిద్రపోలేదట. మెమో రాలేదు. మిగులు ఎందుకు ఉందని ఒక లైను అడిగారు, ఒక లైను జవాబిచ్చాం.

తర్వాతి విడత వచ్చాక రెండో దశకి తాగునీటి పద్దు నుంచి 1 లక్షా 20 వేలు, అన్‌టైడ్ నుంచి 75 వేలు పెట్టి మిగిలిన పైపు పూర్తి చేశాం. చివరి ఇంటి కుళాయి దగ్గర క్లోరిన్ పరీక్ష చేశాం. ట్యాబ్లెట్ వేయగానే నీళ్లు లేత గులాబీ రంగుకి వచ్చాయి. లీటరుకు 0.2 మిల్లీగ్రాముల గీత దాటింది. ఆ ఇంటావిడ గ్లాసు కేసి అనుమానంగా చూసి, "గులాబీ రంగొస్తే మంచి నీళ్లా?" అంది.

ఇప్పుడు మా మండలంలో ప్రతి పంచాయతీ క్యాష్ బుక్ మొదటి పేజీలో ఆ నాలుగు గళ్ల కాగితం అంటించి ఉంటుంది, ప్రతి నెలా 5వ తేదీకి కొత్త అంకెలు రాస్తారు. సమీక్షలో ముందు అదే అడుగుతున్నాను. పోయిన నెల ఇంకో ఊరి కార్యదర్శి ఫోన్ చేశారు. "సార్, పూడిక బిల్లు 42 వేలు వచ్చింది, అన్‌టైడ్‌లో కరెక్టుగా సరిపోతుంది, పెట్టేయమంటారా?" పారిశుద్ధ్యం గడిలో ఎంతుందో చూడమన్నాను. కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది, తర్వాత కాసేపు ఏమీ లేదు.